ఒకనికొకడా, ఒకరికొకరా? ఎఫెసీ 5:21 అనువాదంపై ఒక పరిశీలన

మన సంఘాలలో వివాహ ప్రసంగం తరచుగా ఎఫెసీయులకు 5:22తో ప్రారంభమవుతుంది. పరస్పరం లోబడుమని చెప్పే 21వ వచనం వెనుకనే ఉండిపోతుంది. దీనికి అలవాటుతోపాటు, వాడుకలో ఉన్న తెలుగు అనువాదంలోని ఒక పదం కూడా కొంత కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మూలంలోని పదం 'అల్లేలోయిస్'. పరస్పరత్వాన్ని తెలిపే ఈ గ్రీకు సర్వనామానికి ఏకవచనం గాని ప్రథమావిభక్తి గాని లేదు. అయితే పదనిర్మాణం నుండి వేదాంతం రాబట్టరాదని జేమ్స్ బార్ 1961లోనే హెచ్చరించాడు. కనుక సందర్భాన్నే పరిశీలించాలి. ఈ రూపం పుంలింగమే అయినా స్త్రీపురుషులు కలిసిన సమూహానికీ వర్తిస్తుంది. తెలుగులో దీనిని 'ఒకనికొకడు' అని అనువదించారు. అనువాదకులు 'ఎవడైనను' అన్నట్లే దీనిని సర్వసామాన్యంగా వాడి ఉండవచ్చు. కాని నేటి శ్రోతకు 'ఒకడు' పురుషుడే. లోబడుట పురుషుల నడుమ సంగతిగాను, తరువాతి వచనంలో స్త్రీలకు మాత్రమే విధిగాను వినబడుతుంది.

ఇది తెలుగు భాషకున్న పరిమితి కాదు. అదే గ్రంథంలో యోహాను 13:34లోను, భార్యాభర్తలను గూర్చిన 1 కొరింథీ 7:5లోను 'ఒకరినొకరు' అనే ఉంది.

వ్రాతప్రతుల సాక్ష్యం మరింత ముఖ్యం. సుమారు క్రీ.శ. 200 నాటిదిగా ఎంచబడే 46వ పపైరస్‌లోను, వాటికానస్ ప్రతిలోను 22వ వచనానికి ప్రత్యేక క్రియ లేదు. 'లోబడు' అనే భావం 21 నుండే అందాలి. అనగా 21ని విడిచి 22ను చదువుట వాక్యాన్ని సగంలో మొదలుపెట్టుటయే.

'అల్లేలోన్' అన్నిచోట్ల సంపూర్ణ పరస్పరత్వాన్ని సూచించదని కొందరి ఆక్షేపణ. ప్రకటన 6:4లో మనుష్యులు ఒకరినొకరు చంపుకొందురన్నప్పుడు ప్రతివాడు ప్రతివానిని చంపడు గదా! ఈ వాదం భాషాపరంగా సరియైనదే. కాని ఆ పదం ఏకపక్ష సంబంధాన్ని కూడా సూచించగలదని దాని వలన రుజువు కాదు. పైగా 1 కొరింథీ 7:4లో పౌలు దేహముపై అధికారాన్ని భార్యాభర్తలిద్దరికీ సమానంగా పరస్పరం చేశాడు. ఎఫెసీ 5:25లో భర్త ముందుంచిన మాదిరి, తన్ను తాను అప్పగించుకొనిన క్రీస్తే.

ఇంటిలో దెబ్బలు తిన్న స్త్రీకి 22వ వచనాన్ని మాత్రమే వినిపించి తిరిగి పంపే కాపరి, వాక్యాన్ని గాక దాని ముక్కను బోధిస్తున్నాడు. కనుక వివాహ పాఠాన్ని 21తో ప్రారంభించి 'ఒకరికొకరు' అని చదువుట మూలానికి మరింత నమ్మకమైన పని.