పేరుకు విడాకులు ఇవ్వకండి

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు బంగారం ఎవరిదో తేలుతుంది. ఫ్లాట్ మీద మిగిలిన ఈఎంఐలు ఎవరు కట్టాలో తేలుతుంది. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి, రెండోవాళ్లు ఏ ఆదివారం వచ్చి చూసి వెళ్లాలి అన్నది కూడా కాగితం మీదికి ఎక్కుతుంది. బిడ్డ పేరు మాత్రం ఎవరి వాటాకూ రాదు. అది తల్లికి అత్తగారి పేరే అయి ఉండొచ్చు. మొగుడి పేరులో మొదటి రెండక్షరాలకు తన పేరులో చివరి రెండక్షరాలు అతికించి, ఇద్దరూ మురిసిపోతూ కూర్చుకున్నదీ కావచ్చు. అన్నానికి పిలవాలన్నా, స్నానానికి పిలవాలన్నా, బడి గేటు దగ్గర కేకెయ్యాలన్నా ఆ పేరే. తెగిపోయిన సంబంధాన్ని రోజుకు పదిసార్లు సొంత నోటితో తలచుకోవాలి. ‘ఈ పేరు ఎందుకు పెట్టుకున్నామా’ అని తల్లికే కాదు, ఒక్కోసారి తండ్రికీ అనిపిస్తుంది. ఆ బాధ చిన్నదేమీ కాదు. అయితే దానికి విరుగుడు బిడ్డ పేరు మార్చడం కాదన్నది నా అభిప్రాయం. మార్చుకోదగ్గవి వేరే రెండున్నాయి: ఇంటిపేరు, ఇంట్లో పిలుపు. పెట్టిన పేరు మాత్రం, బిడ్డ దానికి పలకడం మొదలుపెట్టిన రోజు నుంచి పెద్దల సొత్తు కాదు.

మన ఇళ్లలో పేరు పెట్టే పద్ధతిలోనే ఈ చిక్కుకు సగం మూలం ఉంది. శాస్త్రం పదకొండో రోజు అన్నా, చాలా ఇళ్లలో వాడుక ఇరవయ్యొకటో రోజు బారసాలకు స్థిరపడింది. పళ్లెంలో బియ్యం పోసి పరుస్తారు. తండ్రి బంగారపు ఉంగరంతో ఆ బియ్యం మీద పేరు రాస్తాడు, బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతాడు. తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంటుంది. అంతకుముందే పురోహితుడు నక్షత్రం, పాదం చూసి అక్షరం తేల్చి ఉంటాడు. అశ్విని అయితే చూ, చే, చో, లా. వీటిలో ఏదో ఒకటి. పెద్ద మనవడికి తాత పేరు కలవాలని నాయనమ్మ పట్టు. ఇంగ్లిషు స్పెల్లింగులో ఇంకో ‘ఎ’ తగిలిస్తే కలిసొస్తుందని న్యూమరాలజీ చెప్పేవాడి సలహా. ఇంతమంది మాట నెగ్గాక మిగిలిందే కన్నవాళ్ల ఇష్టం. అందులోనూ తల్లిది చివరి వంతు. అందుకే విడిపోయాక కలిగే విచారంలో పేరు మీది అయిష్టం కన్నా ‘ఆ రోజు నన్నెవరూ అడగలేదు’ అన్న ఉక్రోషమే ఎక్కువని నాకనిపిస్తుంది. ఆ ఉక్రోషం న్యాయమైనదే. కానీ అది మనుషుల మీద రావలసిన కోపం. దాన్ని పేరు మీద తీర్చుకుంటే, అప్పుడు కూడా అడగకుండా ఉండిపోయేది ఒక మనిషినే. ఈసారి ఆ మనిషి బిడ్డ.

నోటికి రాని పేరు మనకు కొత్త కూడా కాదు. మొన్న మొన్నటిదాకా కోడలు అత్తమామల పేర్లు పలకకూడదు. మొగుడి పేరైతే సరేసరి. అదే ఇంట్లో పెద్ద మనవడికి మామగారి పేరు పెట్టేవారు. మరి కన్నకొడుకును ఆ తల్లి ఏమని పిలవాలి? అబ్బాయి, చంటి, నాని, బుజ్జి, చిన్నోడు వంటి పిలుపులు ఇళ్లలో అంతగా స్థిరపడటానికి ఇదీ ఒక కారణం. బడి రిజిస్టర్‌లో వెంకటేశ్వర్లు, వంటింట్లో చంటి. ఆయనకు అరవయ్యేళ్లు వచ్చి మనవలు పుట్టినా అక్కచెల్లెళ్లకు చంటే. గౌరవం పేరిట ఆడవాళ్ల నోటికి వేసిన తాళంలోంచి పుట్టిన ఉపాయం ఇది. ఆ తాళాన్ని నేను మెచ్చుకోవడం లేదు, ఉపాయం మాత్రం ఇవాళ్టికీ పనికొస్తుంది. అత్తగారి పేరు పలకడం ప్రాణం మీదికి వస్తుంటే, బిడ్డను నచ్చిన ముద్దుపేరుతో పిలుచుకోవడానికి ఏ ఆఫీసరు సంతకమూ అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

పసిబిడ్డకేం తెలుస్తుంది, ఊహ తెలియకముందే మార్చేస్తే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. పసిబిడ్డకు మనం అనుకునేదానికన్నా ముందే తెలుస్తుంది. అమెరికాలో మాండెల్, పిసోనీ తదితరులు చేసిన పరిశోధన ఒకటి 1995లో అచ్చయింది. నాలుగున్నర నెలల పిల్లలకు వాళ్ల పేరుతోపాటు వేరే పేర్లు కూడా వినిపించారు. వాటిలో వాళ్ల పేరులాగే ఊనిక పడే పేరూ ఉంది. పిల్లలు తమ పేరు వినబడ్డప్పుడే ఎక్కువసేపు చెవియొగ్గారు. అది తమ పేరని వాళ్లకు తెలిసిపోయిందని దీనికి అర్థం కాదు; వందల మాటల్లోంచి ఆ ఒక్క శబ్దాన్ని అప్పటికే వేరు చేసి పట్టుకున్నారని మాత్రం అర్థం. ఇక ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తలతిప్పి చూడని బిడ్డను డాక్టరుకు చూపించమంటారు. చాలా కాపురాలు విరిగేది బారసాల అయిన వారానికి కాదు, బిడ్డ నడిచి బడికి వెళ్లే వయసులో. అప్పటికి నాన్న ఇంట్లోంచి వెళ్లిపోయి ఉంటాడు, ఇల్లు మారి ఉంటుంది, పక్కింటి నేస్తాలు మారి ఉంటారు. మారకుండా మిగిలిన ఒకటి రెండింటిలో పేరు ఒకటి. దాన్ని కూడా తీసేయడం బిడ్డకు మేలు చేస్తుందని ఎలా అనుకోగలం? మొదటి రెండు మూడు నెలల్లోనే తెగిపోయిన కాపురమైతే వేరే మాట. అప్పుడు మార్చుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక పేరు మారిస్తే పడే కాగితాల తిప్పలు సికింద్రాబాద్‌లోని తిరుమలగిరిలో ఇంకా బాగా అర్థమవుతాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ హద్దులో పుట్టిన బిడ్డ జననం కంటోన్మెంట్ బోర్డు రాసుకుంటుంది. హద్దు దాటితే నగరపాలక సంస్థ రాసుకుంటుంది. ఎవరు రాసినా చట్టం ఒకటే, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. పుట్టిన 21 రోజుల్లో జననం చెప్పాలి గానీ పేరు అప్పుడే చెప్పి తీరాలని లేదు. ఏడాది లోపు రుసుము లేకుండా, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల దాకా పేరు చేర్పించుకోవచ్చు. ఒకసారి ఎక్కిన పేరును కదిలించడం మాత్రం కష్టం. 15వ సెక్షన్ ఉన్నది పొరపాట్లు దిద్దడానికి. మనసు మారడాన్ని అది పొరపాటుగా లెక్కపెట్టదు. దిద్దినా మార్జిన్‌లో రాస్తారు, పాత పద్దు చెరపరు. 2023 సవరణ అమల్లోకి వచ్చిన అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి, ఆధార్, ఓటు, డ్రైవింగ్ లైసెన్స్, పెళ్లి నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, అన్నిటా పుట్టుకకు రుజువు ఆ సర్టిఫికెట్టే. ఆధార్‌లో పేరు మార్పుకు జన్మకు రెండే అవకాశాలు. పైగా తిరుమలగిరిలో ఇంటింటికీ కాకపోయినా వీధివీధికీ ఫౌజీ కుటుంబం ఉంటుంది. తండ్రి జవాను అయితే బిడ్డ పేరు, పుట్టిన తేదీ సైన్యం రికార్డులో పార్ట్ టూ ఆర్డర్‌గా ఎక్కుతాయి. చదువు భత్యం, వైద్యం, ఇతర హక్కులు ఆ పద్దు మీదే నడుస్తాయి. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా వస్తేనే అఫిడవిట్ల కోసం తిరగాలి. తల్లి ఇక్కడ ఒక పేరు రాయించి, తండ్రి రికార్డులో ఇంకో పేరు ఉండిపోతే ఆ తిరుగుడు బతుకంతా తిరగవలసింది బిడ్డే.

ఇంటిపేరు మార్చుకోవచ్చన్నప్పుడు పేరు ఎందుకు మార్చకూడదని అడగొచ్చు. ఈ రెండింటికీ తేడా మన ఆచారంలోనే ఉంది. తెలుగింటి ఆడపిల్లకు పెళ్లితో ఇంటిపేరు మారుతుంది, పేరు మారదు. దత్తత పోయిన పిల్లవాడికి ఇంటిపేరూ గోత్రమూ మారతాయి. ఇంటిపేరు ఏ ఇంటి మనిషో చెబుతుంది. ఇల్లు మారితే అదీ మారడంలో వింత లేదు. దీనికి మన తెలుగు నేల మీద నడిచిన కేసే పెద్ద సాక్ష్యం. 2022 జూలై 28న సుప్రీంకోర్టు ఆకెళ్ళ లలిత కేసులో తీర్పు చెప్పింది. అది విడాకుల కేసు కాదు; బిడ్డకు మూడు నెలలైనా నిండకుండానే 2006లో తండ్రి చనిపోయాడు, మరుసటి ఏడాది తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. సంరక్షణ కోసం తాతా నాయనమ్మా 2008లో కోర్టుకెక్కారు. 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు బిడ్డకు కన్నతండ్రి ఇంటిపేరే తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో వీలుకాని చోట రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలనీ ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సవతి తండ్రి అని రాయించడం బిడ్డ మనసు మీద ఏం ప్రభావం చూపుతుందో ఆలోచించని క్రూరత్వమని తప్పుపట్టింది. ఏ ఇంట్లో పెరుగుతున్నాడో ఆ ఇంటి పేరు లేకపోతే తాను ఆ కుటుంబంలో వాణ్ని కానన్న మాట పదేపదే గుర్తొస్తుందని చెప్పింది. తాతా నాయనమ్మా అసలు పిటిషన్‌లో ఇంటిపేరు సంగతి కోరనే లేదని కూడా ఎత్తిచూపింది. పద్నాలుగేళ్లు సాగిన ఈ వ్యాజ్యంలో నేను ముఖ్యంగా గమనించింది ఒకటుంది. సంరక్షణ సంగతి పక్కన పెడితే, పేరు గొడవంతా ఇంటిపేరు మీదే నడిచింది. పిల్లవాడికి పెట్టిన పేరు వివాదంలోకే రాలేదు.

విడిపోయినవాళ్ల మధ్య పేరే గొడవైతే ఎలా ఉంటుందో కేరళ చూపించింది. అక్కడ దంపతులు విడిగా ఉంటున్నారు, బిడ్డ జనన సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీ. బడివాళ్లు ఖాళీ గడి కుదరదన్నారు. తల్లి ఒక పేరు చెబితే తండ్రి ఇంకోటి చెప్పాడు, రిజిస్ట్రారు ఇద్దరూ రావాలన్నాడు. 2023లో హైకోర్టు తానే పెద్దరికం వహించి పేరు తేల్చింది. బిడ్డ తల్లి దగ్గర పెరుగుతోంది కాబట్టి ఆమె కోరిన పేరు, దాని పక్కన తండ్రి పేరు. తల్లీ తండ్రీ ఎవరు గెలిచారని కాకుండా బిడ్డ ఎక్కడుంది, ఎవరు పిలుస్తున్నారు అన్నదాన్నే ఆ కోర్టు చూసింది. మరుసటి ఏడాది డిసెంబరులో మైసూరు జిల్లా హుణసూరులో కూడా పేరు దగ్గర మొదలై విడాకుల దాకా వెళ్లిన జంట బిడ్డకు జడ్జిగారే పేరు పెట్టారు. ఆ జంట దండలు మార్చుకుని ఇంటికి వెళ్లింది. ఎవరో పెట్టిన మూడో పేరుతో సద్దుమణిగిందంటే, అంతకుముందు జరిగిన పోరులో ఏ పేరైనా ఎంత ముఖ్యమో మనమే ఊహించుకోవచ్చు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది. చావగొట్టిన మొగుడు పట్టుబట్టి పెట్టించిన పేరు, అతని కంటపడకుండా ఊరు మారి బతుకుతున్న తల్లి. ఇక్కడ పేరు ఆచూకీ చెప్పే ఆధారం కూడా. అప్పుడు మార్చండి, ఇంటిపేరుతో సహా మార్చండి. అది విచారం తీర్చుకోవడం కాదు, బిడ్డకు కాపలా కాయడం. ఇంకొకరు అంటారు: బిడ్డకు పెట్టిన పేరు మొగుడి పాత ప్రేయసిదని తర్వాత బయటపడింది, ఎలా భరించాలి? భరించడం కష్టమే. కానీ ఆ సంగతి తెలిసింది పెద్దలకే. బిడ్డ దృష్టిలో ఆ పేరుగల మనిషి ఒక్కరే, తాను. అది మురికి పేరని మార్చడం మొదలుపెడితే, ఎందుకు మార్చారో ఏదో ఒక రోజు చెప్పాలి; మోసం చేసినవాడి కథను బిడ్డ నెత్తికి ఎక్కించినట్టే. మరి చట్టం పేరు మార్చుకోనిస్తుంది కదా అంటే, అవును. 2021లో సీబీఎస్ఈ సర్టిఫికెట్ల కేసులో, పేరు మీద అదుపు వ్యక్తి భావప్రకటన హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ హక్కు పేరు మోసే మనిషిది, పెట్టినవాళ్లది కాదు.

కాబట్టి చెయ్యదగ్గది రెండు చోట్ల ఉంది. కొత్తగా కన్నవాళ్లు పేరు గడిని ఇరవయ్యొక్క రోజుల్లో నింపాలని తొందరపడకుండా చట్టం ఇచ్చిన ఏడాది వాడుకోవాలి. ఇద్దరి అక్షరాలూ కుట్టిన పేరు కన్నా, ఇద్దరిలో ఎవరు లేకపోయినా నిలబడే పేరు వెతకాలి. విడిపోతున్నవాళ్లు పరస్పర అంగీకార విడాకుల ఒప్పందంలో బంగారం, డిపాజిట్ల లెక్కలకు పక్కనే పేరుకూ నాలుగు వాక్యాలు రాసుకోవాలి. పెట్టిన పేరు మారదు, స్పెల్లింగు ఇది, ఇంటిపేరు ఇది, బడిలోనూ పాస్‌పోర్టుకూ సంతకం చేసేది వీరు. లాయర్లు అడగకపోతే మనమే అడిగి రాయించుకోవాలి. ఆ తర్వాత కూడా పేరు నచ్చకపోతే, పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డ తానే అఫిడవిట్ మీద సంతకం పెట్టి గెజిట్‌లో మార్పు వేయించుకుంటుంది. ఈ పేరు నాకొద్దు అనే హక్కు మొదట తనది. అప్పటిదాకా తల్లిదండ్రులు ఆ పేరును తమ తగువుకు దూరంగా ఉంచితే చాలు.