తెలుపు కాగితానిదే

మామూలు ఫోటో ప్రింటర్‌లో ఎన్ని రంగుల ఇంకులున్నా తెల్ల ఇంకు ఉండదు. తాత నెరిసిన జుట్టు, ఒంటిమీది బనియను, వెనక సున్నం కొట్టిన గోడ... ఫోటోలో కనిపించే తెలుపంతా కాగితానిదే. అందుకే పేపర్ ఎంచుకునేటప్పుడు ముందుగా తెలుపునే చూడాలంటాను. మందం, ధర, కంపెనీ పేరు ఆ తర్వాతే.

సికింద్రాబాద్ లాలాగూడలో తీసిన ఫోటోలకు ఇది మరీ అవసరం. 1893 నాటి రైల్వే వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన ఊరు ఇది. ఇక్కడ నేను ఎక్కువగా తీసేవి రెండు రకాలు: వానకు తడిసి మెరిసే పట్టాలు, వరండాలో కూర్చున్న రిటైర్డ్ కార్మికుల ముఖాలు. రెండింటికీ ఒకే పేపర్ కుదరదు.

పట్టాలకు బరైటా పేపర్ వాడతాను. బేరియం సల్ఫేట్ పూత ఉన్న ఈ పేపర్ మీద నలుపు చిక్కగా పడుతుంది, తడి ఇనుము మెరుపు నిలుస్తుంది. ముఖాలకు మాత్రం నూరు శాతం కాటన్‌తో చేసిన మ్యాట్ పేపర్. హానెమ్యూలే కంపెనీ ఫోటో రాగ్ 308 జీఎస్ఎమ్ ఆ రకందే. దాని మీద నలుపు కాస్త పలచబడుతుంది కానీ, నుదుటి ముడతలు మెత్తగా, కళ్ల కింది నీడ సహజంగా వస్తాయి. ప్రింట్ వేసేముందు మెత్తటి బ్రష్‌తో షీటును ఒకసారి దులపాలి. నూగు రేణువు మీద ఇంకు పడి, తర్వాత అది రాలిపోతే అక్కడ తెల్ల చుక్క మిగులుతుంది.

కంటికి మిరుమిట్లు గొలిపే తెలుపును చూసి మురిసిపోకూడదు. తెల్లబట్టకు నీలిమందు పెట్టినట్టు, చాలా పేపర్లలో ఆప్టికల్ బ్రైటెనర్లు కలుపుతారు. నోట్లు పరీక్షించే యూవీ లైటును చీకట్లో షీటు మీద వేస్తే గుట్టు తెలిసిపోతుంది. బ్రైటెనర్ ఉన్నది నీలంగా వెలుగుతుంది, లేనిది మసకగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బ్రైటెనర్ పనిచేయడం తగ్గి, కాగితం అసలు రంగు బయటపడుతుంది.

తెలుపు రంగు మారడం మన ఊరికి కొత్త కాదు. 1880ల్లో సికింద్రాబాద్‌లో ఫోటో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ కాలంలో ఫోటోలు ఆల్బుమెన్ పేపర్ మీద, అంటే కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసేవారు. కాలం గడిస్తే ఆ పూత పసుపెక్కుతుంది. అప్పట్లో ఎక్కువగా వాడుకలో ఉన్న కాగితం అది. మనకు ఎంచుకునే వీలుంది.

అందుకే ఇంట్లో తరతరాలు ఉండాల్సిన ఫోటో అయితే బ్రైటెనర్ లేని కాటన్ పేపర్, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంకు అడగండి. పెద్ద ప్రింటుకు ముందు చిన్నది వేయించి, వేలాడదీయబోయే గోడ దగ్గరే పగటి వెలుగులో ఓసారి, రాత్రి ట్యూబ్‌లైటు కింద మరోసారి చూడండి. షాపు వెలుతురులో బాగున్నది ఇంట్లోనూ బాగుంటుందన్న భరోసా లేదు. ఆ ఫోటోతో బతకబోయేది మీరే కాబట్టి, తెలుపును తేల్చాల్సిందీ మీ కళ్లే.