చలిదేశంలో చిక్కుడు పందిరి

నెల్లికుదురు వంటి తెలుగు ఊళ్లలో పెరటి విత్తనాలు వానను చూసి పెడతారు. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే ఆనప, బీర, కాకర, చిక్కుడు గింజలన్నీ నేలకు చేరతాయి. అమెరికాలోని మినియాపొలిస్ వంటి ఊళ్లో పెద్ద తోట మొదలుపెట్టే తెలుగు కుటుంబానికి ఈ లెక్క పనికిరాదు. అక్కడ చివరి ఫ్రాస్ట్ (మొక్కల్ని మాడ్చే గడ్డమంచు) మామూలుగా మే మొదటి సగంలో పోతుంది, అక్టోబరు మొదటి సగంలో మళ్లీ దిగుతుంది. నడుమ దొరికేది ఐదు నెలలు. విత్తన సంచుల మీద కనిపించే ‘జోన్’ అంకె చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతను మాత్రమే చెబుతుంది. ఏళ్ల తరబడి ఉండే చెట్లకే అది అక్కర, బీరపాదుకు కాదు.

పని ముందటేడు సెప్టెంబరులోనే మొదలవ్వాలి. లాన్ గడ్డిని తవ్వి పారేయడం కన్నా దాని మీద అట్టపెట్టెలు పరిచి, ఎండుటాకులు, కంపోస్టు మందంగా కప్పితే మేలు; వసంతానికి గడ్డి చచ్చి మట్టి గుల్లబారుతుంది. పందిరి గుంజలకు గోతులు తీసేముందు 811కు ఫోన్ చేస్తే భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లకు గుర్తులు పెట్టి వెళతారు. పందిరికి పశువుల కంచెగా అమ్మే ఇనుప జాలీని విల్లులా వంచి నిలబెడితే చాలు.

నారు పోయడంలో కాలాన్ని వెనక్కి లెక్కపెట్టాలి. వంగ, మిర్చి చివరి ఫ్రాస్ట్‌కు ఎనిమిది పది వారాల ముందు, ఇంట్లో ట్యూబులైటు కింద మొలవాలి. ఆనప, బీర, కాకరలకు మూడు నాలుగు వారాలు చాలు. వాటి వేళ్లు కదిలితే ఓర్చుకోవు కనుక కాగితపు కుండీలే మంచివి. ఆనప గింజ మొనను గోళ్లకత్తెరతో కొద్దిగా తుంచి రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది. బయట నాటేముందు వారం, పది రోజులు నారును ఎండకూ గాలికీ కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. బెండకు మాత్రం నేల 18 డిగ్రీలు దాటేదాకా ఆగాల్సిందే.

అసలు చిక్కు చిక్కుడుతోనే. మన నాటు చిక్కుడు పగలు కురచైతేనే పూస్తుంది. అందుకే ఇక్కడ సంక్రాంతి నాటికి పందిరి నిండా కాయ. మినియాపొలిస్‌లో జూన్ పగలు పదిహేను గంటలు దాటుతుంది. వేసవంతా తీగ ఏపుగా పెరిగి, సెప్టెంబరులో పూత మొదలయ్యేసరికి ఫ్రాస్ట్ వచ్చి మాడ్చేస్తుంది. ఎరువు వేసినా ఫలితం ఉండదు, ఆకులే పెరుగుతాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ పొద రకాలకు పగటి పొడవుతో పని లేదు. చలిదేశానికి నప్పేవి అవే. పగలు కురచైతేనే పూసే గుణం పుంటికూర దగ్గర లాభంగా మారుతుంది: పూత ఆలస్యమైనకొద్దీ ఆకు దొరుకుతూనే ఉంటుంది.

ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళ తిరిగే పురుగులు తక్కువైతే పిందెలు పసుపుబారి రాలతాయి. మగపువ్వును తెంపి, రేకులు తీసి, పిందె ఉన్న పువ్వు మీద పుప్పొడి అద్దాలి.

కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి ఇక్కడ చలికాలపు పంటలు. అక్కడ వాటికి ఏప్రిల్, మే నెలలే చలికాలం. జూలై ఎండలో గింజకు పోతాయి కాబట్టి ఆగస్టులో మరోసారి చల్లుకోవాలి. కరివేపాకును మొదటినుంచీ కుండీలోనే పెంచి, రాత్రి చలి 10 డిగ్రీలకు దిగకముందే ఇంట్లోకి చేర్చాలి. విత్తనానికి వదిలే ఆనపకాయ జూలై, ఆగస్టుల్లో కాసిన తొలికాతదై ఉండాలి. ఆలస్యంగా కాసినదాని గింజ ముదరదు.