పొయ్యిలో గాజు

మా పెరట్లో వేన్నీళ్లు కాచే పొయ్యికి మూడేళ్లు. రేకు డొల్ల, లోపల చిల్లుల ఇనపగిన్నె, పక్కన అరచేతంత ఫ్యాను, నెత్తిన రాగికాగు. ఊకను నొక్కి చేసిన చిటికెనవేలంత గుళికలు గిన్నెలో పోసి, ఎండు కొబ్బరాకుతో ముట్టించి ఫ్యాను వేస్తే మంట గ్యాసు మంటలాగే లేస్తుంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసిపోయేవారు. నేనూ కాస్త చూపించుకునేవాణ్ణి.

ఆ ముచ్చట నెల తిరక్కుండానే తీరింది. ఓ పొద్దున మంట సగంలో నీరసించి పొగ కక్కడం మొదలెట్టింది. చల్లారాక గిన్నె తిరగేస్తే బూడిద రాలలేదు. అడుగు చిల్లులన్నీ మూసేసి, మాడిన పాకంలా నల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా మెరుస్తూ ఒక అచ్చు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అచ్చు రాలేదు గానీ గిన్నె వంగింది. పొయ్యి అమ్మినాయన గుళికలు మంచివి కావన్నాడు. గుళికలు అమ్మినాయన లోపం పొయ్యిలోనే ఉందన్నాడు. నన్ను మాత్రం ఇద్దరూ వదిలేశారు. తీరా చూస్తే తప్పు నాది.

వంగిన గిన్నె పట్టుకుని కొలిమికి వెళ్తే అక్కడి పెద్దాయన చూస్తూనే, "చిట్టెం కట్టిందండీ. గాలి ఎక్కువ కొట్టారా? ఇందులో ఇంకేం ఏశారు?" అన్నాడు. ఏం వేశానో అప్పుడు గుర్తొచ్చింది. కొబ్బరి ఒలుపు అయ్యాక తోటలో డొక్కలు గుట్టగా పడున్నాయి. ఇన్ని డొక్కలుండగా డబ్బిచ్చి పొయ్యిలోకి కొనడం ఏమిటని ముక్కలు కొట్టి గుళికల్లో సగానికి సగం కలిపేశాను.

ఊక చేలోది, డొక్క తోటలోది. ఊక కాలిస్తే ఐదో వంతు బూడిదే మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. వరి మొక్క దాన్ని నీటితో పాటు పీల్చుకుని గింజకు కవచంగా కట్టుకుంటుంది. సిలికా ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి, అది ఇంటి పొయ్యి తరం కాదు. కొబ్బరి సంగతి వేరు. దానికి పొటాష్ అంటే ప్రాణం. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కాపుకొచ్చిన చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని చెప్పి, పొటాష్ మాత్రం 1200 గ్రాములు చెప్పింది. చెట్టు మొదట్లో మనం పోసిన పొటాష్‌లో మంచి వాటా డొక్కలోకి చేరుతుంది. అది సిలికాకి తగిలిందంటే 800 డిగ్రీల లోపే పాకం మొదలు. చల్లారితే గాజు. పూర్వం ఐరోపా అడవుల్లో ఇసుకలో కట్టె బూడిద కలిపి గాజు చేసేవారట. నేను అదే పని స్నానాలగది పక్కన, తెలియకుండా చేశాను.

మా మామ్మకి ఈ బాధ లేదు. ఆవిడది పొట్టుపొయ్యి. రేకు డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊకో రంపపు పొట్టో పోసి దట్టించి, సీసాని తిప్పుతూ మెల్లగా పైకి లాగేది. అడుగు కంతలో పుల్ల పెట్టి ముట్టిస్తే గంటల తరబడి కునుకుతూ కాలేది. గాలి తక్కువ, సెగ తక్కువ. సాయంత్రానికి ఊక ఆకారం ఊకకే ఉండేది, రంగే మారేది. ఆ బూడిదతో గిన్నెలూ తోమేది, మా పళ్లూ తోమించేది. పొగ మాత్రం ఇల్లంతా. ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. అది మరిచిపోయి పాత పొయ్యిల్ని పొగిడేవాళ్లంటే నాకు చిరాకు. చిత్రమేమిటంటే గ్యాసు మన కాళ్ల కిందే ఉంది. 1995 జనవరిలో మా దగ్గరి పాశర్లపూడిలో గ్యాసు బావి అంటుకుని 65 రోజులు మండితే రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా కనిపించేది. అప్పుడూ మా వంటింట్లో ఊకే. 1999లో దీపం పథకం వచ్చాకే మా చుట్టుపక్కల చాలా ఇళ్లు సిలిండరు మొహం చూశాయి.

ఇంకొక సంగతి. ఐరోపాలో ఇళ్లకి అమ్మే మేలురకం కర్ర గుళికల్లో బూడిద నూటికి 0.7 పాళ్లు దాటకూడదని నియమం. మన ఊకలో 20 పాళ్లు. కాబట్టి కర్ర గుళికల కోసం రాసిన "వారానికోసారి శుభ్రం చేయండి" అనే సలహా మనకు కుదరదు. మనం ప్రతి కాపుకీ గిన్నె దులపాల్సిందే.

డొక్కలు ఇప్పుడు విడిగా కట్టెల పొయ్యిలోకి పోతున్నాయి. గుళికలు ముప్పాతిక గిన్నే పోస్తాను. అంటుకునేదాకా ఫ్యాను జోరుగా, అందుకున్నాక నెమ్మదిగా. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్లు బోర్లించిన కుండ కిందికి ఎండాకు కొంచెం కొంచెంగా తోస్తూ, సెగ ఎక్కువైందని కుండ చెప్పకముందే చెయ్యి ఆపుతారు. ఆ రేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతికి ఏ గుర్తింపు ఇవ్వాలో నాకు తెలియదు. నాకు అంత నేర్పు లేదు, మంట తెల్లగా మిడిసిపడితే గాలి తగ్గించడం వరకే వచ్చు. మధ్యలో ఊచతో కెలకడం మానేశాను. ఇదే అన్నిటికన్నా కష్టం, మనం పొయ్యి కనిపిస్తే కెలికే జాతి కదా. కెలికితే చల్లగా ఉన్న బూడిద నిప్పుల నడుమకి చేరి పాకమవుతుంది.

చిట్టెం తీయడానికీ ఒక అదను ఉంది. ఎర్రగా ఉంటే బంకలా సాగుతుంది, మర్నాటికి వదిలితే ఇనుముని కరుచుకుంటుంది. గిన్నె నలుపు తిరిగి, దగ్గర పెట్టిన చేతికి ఇంకా సెగ కొడుతున్నప్పుడు పట్టకారుతో ఎత్తి అంచు మీద రెండు దెబ్బలు వేయాలి. ఇనుమూ గాజూ ఒకేలా ముడుచుకోవు కాబట్టి టప్పున ఊడుతుంది. తొందరపడి నీళ్లు పోయకూడదు. ఒకసారి పోశాను, గిన్నెకి జుట్టంత బీట. దులిపేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాను. మరీ వేడికి కాలిన ఊక బూడిదలో సిలికా స్ఫటికాలుగా మారుతుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. మెత్తటి బూడిద వంగమొక్కల మీదికి, చిట్టెం గుంటలోకి. గాజులో చిక్కిన పొటాష్ వేరుకి అందదు.

ఇవాళ గిన్నెలో దొరికింది చింతగింజంత. మొదటి రోజు అచ్చు మాత్రం కిటికీలో ఉంది. ఎండ పడితే లోపల బుడగలు కనిపిస్తాయి. సెలవులకి వచ్చిన మనవరాలు దాన్ని పట్టుకుని, "అంతర్వేది సముద్రం ఒడ్డున దొరికిందా తాతయ్యా?" అంది. సగం చేలో, సగం తోటలో దొరికిందన్నాను. నమ్మలేదు.