కొలతిచ్చి చేయించుకున్న గొడ్డలి

చేత్తో చేసిన పనిముట్టు ఏదైనా మంచిదే అయి ఉంటుందని మనలో చాలామంది నమ్ముతాం. అడవిలో గుడారం వేసుకుని నాలుగు రోజులు గడిపేవాళ్ళ చేతిగొడ్డలి దగ్గర ఆ నమ్మకం నిలవదు. ఇందుకు సాక్ష్యం అమెరికన్ రచయిత జార్జ్ వాషింగ్టన్ సియర్స్. ఆయన వృత్తి చెప్పులు కుట్టడం, కలంపేరు నెస్మక్. 1884లో వచ్చిన ‘వుడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకంలో, మంచి తేలికపాటి చేతిగొడ్డలి దొరకడం చాలా కష్టమని రాశాడు. ఇంటి కప్పుకు చెక్క పలకలు కొట్టేవాళ్ళ గొడ్డళ్ళు, పల్లెటూరి ఇనుప దుకాణాల్లో అమ్మేవి వాడి చూశాడు. కమ్మరుల చేత ప్రత్యేకంగా చేయించాడు కూడా. వాటన్నిటిలోకీ అధ్వానమైనవి ఆ కమ్మరులు చేసినవేనట: మోటు, బరువు, తూకం కుదరనివి. పన్నెండేళ్ళ వెతుకులాట తర్వాత ఆయనకు కావలసింది చేసిపెట్టినవాడు రోచెస్టర్ నగరంలో శస్త్రచికిత్స పరికరాలు తయారుచేసే బుష్నెల్. నమూనాను సియర్స్ ముందుగా కర్రతో చెక్కి ఇచ్చాడు. అలుగుకు మూడు డాలర్లు పోశాడు, రానూపోనూ మూడు రోజులు పోగొట్టుకున్నాడు. హికరీ కర్రతో కామ, తోలుతో ఒర తనే చేసుకున్నాడు.

కమ్మరులు చేసిందీ చేతిపనే, బుష్నెల్ చేసిందీ చేతిపనే. తేడా రెండు చోట్ల వచ్చింది. ఒకటి, పలచని అంచును నిలబెట్టడం తెలిసిన చెయ్యి. రెండోది, నా దృష్టిలో ఇంకా ముఖ్యమైనది, ఆ కర్ర నమూనా. సియర్స్ బక్కపలచని మనిషి, యాభై కిలోలకు కాస్త అటూ ఇటూ. 1883లో అమెరికాలోని అడిరోండాక్ సరస్సుల మీద ఆయన తిరిగిన పడవ బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోలకు లోపే. అదీ ఆయన పట్టుబట్టి చేయించుకున్నదే. ఏ పనికి ఎంత బరువు చాలునో అంత కచ్చితంగా తెలిసినవాడు కనుకనే కర్రలో ఆ రూపం చెక్కగలిగాడు. కొలిమి దగ్గర కూర్చుని తన ఎత్తుకు, తన చేలోని పనికి తగ్గట్టు గొడ్డలి కొట్టించుకుని, కామకు తుమ్మకర్ర తనే తెచ్చుకునే మన రైతుకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఆ తెలివి పనిముట్టులో ఎక్కడెక్కడ ఉంటుందో చూడాలి. అలుగు చెంపలు పలచనైతే దెబ్బ లోతుగా దిగుతుంది గానీ చీల్చేటప్పుడు ఇరుక్కుంటుంది, ముడి తగిలితే అంచు విరుగుతుంది. మందమైతే కట్టె చక్కగా చీలుతుంది, చెక్కడానికి మాత్రం పనికిరాదు. గుడారం మేకులు, గిన్నె వేలాడదీసే కొంకికర్ర చెక్కేవాడికి పలచనిది కావాలి. తడిసిన దుంగను చీల్చి లోపలి పొడి కట్టె తీసేవాడికి కాస్త మందమున్నది మేలు. పాయనం పెట్టేటప్పుడు అంచును ఎర్రగా కాల్చి చల్లార్చాక, మళ్ళీ సన్నని వేడి తగిలించి గడ్డి పసుపు నుంచి గోధుమ రంగు దాకా రానిస్తారు. ఆ రెండో వేడి తగలకపోతే అంచు గాజులా పెళుసుబారుతుంది. కామ దూరే కన్నం చుట్టూ ఉన్న ఇనుము మెత్తగానే ఉండాలి, దెబ్బ అదురును ఓర్చుకోవలసింది అదే. కామ చివర కనిపించే కర్ర గీతలు అంచు ఉన్న దిశలోనే సాగాలి. అడ్డంగా ఉంటే ఏదో ఒకరోజు కామ విరుగుతుంది. వాడకంలోనూ బలం కన్నా నేర్పే ఎక్కువ. సన్నకట్టె చీల్చడానికి గొడ్డలి ఎత్తి విసరనక్కర్లేదు: అంచును కట్టె కొసకు ఆనించి, రెండింటినీ కలిపి మొద్దు మీద కొడితే చాలు. చెక్కేటప్పుడు అలుగు కిందే పట్టుకుని, కర్ర దిగువ భాగంలోనే పని చేయాలి. పొట్టి కామ కాబట్టి నరికేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చోవాలి. అప్పుడు గురి తప్పిన దెబ్బ కాలికి కాక నేలకు తగులుతుంది.

నెస్మక్ గొడ్డలికి రెండు అంచులు, వెనక సుత్తిలా వాడుకునే మడమ లేదు; మేకు దిగగొట్టాలన్నా కుదరదు, ఒక అంచు ఎప్పుడూ మనవైపే చూస్తుంటుంది అని కొందరి అభ్యంతరం. నిజమే. ఆయన దాన్ని ఎంచుకున్నది తన పనికి. ఇవాళ ఆయన పేరుతో అమ్ముతున్న నకళ్ళు కొనేవారికి దక్కేది ఆ రూపం మాత్రమే, దాని వెనకున్న పన్నెండేళ్ళ ఆలోచన కాదు. ఇక, చేయించుకుంటే ధర ఎక్కువన్న సంగతి. కర్మాగారాల్లో ఇప్పుడు మంచి గొడ్డళ్ళే వస్తున్నాయి, ఏడాదికోసారి అడవికి వెళ్ళేవారికి అవి చాలు. నా లెక్కలో మొదట కొనవలసినవి అవే. కొన్నాళ్ళు వాడి, అది ఎక్కడ బరువనిపిస్తోందో, ఎక్కడ జారుతోందో తెలిశాకే పనివాడి దగ్గరికి నమూనాతో వెళ్ళాలి. మడత రంపం, కత్తి ఉంటే గొడ్డలెందుకన్న ప్రశ్నకూ బలముంది: అడ్డంగా కోయడంలో రంపాన్ని మించింది లేదు. కానీ వానలో తడిసిన అడవిలో పొడి కట్టె దుంగ లోపలే ఉంటుంది, దాన్ని బయటికి తీయడానికి చీల్చాల్సిందే. అందుకు విరిగిపడిన ఎండుదుంగలు చాలు. మన రక్షిత అడవుల్లో వంట చెరకు ఏరడానికీ నిప్పు రాజేయడానికీ నిషేధముంటుంది కాబట్టి, అక్కడికి వెళ్ళేటప్పుడు గొడ్డలిని ఇంట్లోనే ఉంచాలి.