‘బాజార్’ పాటలలో వధువు ముఖం

సాగర్ సర్హదీ దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘బాజార్’ మన హైదరాబాదు కథ. గల్ఫ్ సంపాదనతో వచ్చిన, వయసు మీరిన శాకిర్ అలీఖాన్ ఒక పేద ఇంటి పిల్ల షబ్నమ్‌ను నికాహ్ పేరిట కొనుక్కొంటాడు. ఆమె మనసేమో సర్జు అనే యువకునిపై ఉన్నది. ఇందులోని గజళ్ళకు ఖయ్యాం స్వరకర్త. వాటిని మనం విన్నంతగా చూడలేదేమో!

ఛాయాగ్రాహకుడు ఈషాన్ ఆర్య తెలుగువారికి కొత్తవారు కారు. బాపు ‘ముత్యాల ముగ్గు’ (1975)కు జాతీయ బహుమతి పొందినవారాయనే. ‘గరమ్ హవా’ను చిత్రీకరించినవారూ ఆయనే.

ఒక పాట మఖ్దూం మొహియుద్దీన్ (1908-1969) గజల్. ముషీరాబాద్ నుండి నారాయణగూడ దాటి హిమాయత్‌నగర్ చేరితే ఆయన పేరిట వెలసిన మఖ్దూం భవన్ కనబడుతుంది. లతా మంగేష్కర్, మన హైదరాబాదీ గాయకుడు తలత్ అజీజ్ పాడిన ఈ పాటలో కెమెరా ప్రేమికుల చూపుల వెంట నడుస్తుంది. పూలు, రాత్రి, యౌవనం కలిసి ప్రేక్షకునిలో ఆశను మేల్కొల్పుతాయి.

రెండవది జగ్జీత్ కౌర్ పాడిన వీడ్కోలు పాట. ఇక్కడ ఆటలు లేవు, ఆర్భాటం లేదు. కెమెరా సుప్రియా పాఠక్, ఫారూఖ్ షేఖ్‌ల ముఖాల చెంతనే ఆగిపోతుంది. చూపు తిప్పుకొనే అవకాశం మనకివ్వదు.

ఇచ్చట ధర్మశాస్త్ర సూక్ష్మమొకటి స్మరించదగినది. కన్య మౌనమే ఆమె సమ్మతి అని హదీసులో ఉన్నది. కాని ఫుఖహాలు అంతటితో ఊరుకోలేదు. ఆమె నవ్విందా, ఏడ్చిందా, ఆ ఏడ్పు ఎటువంటిది అని కూడా విచారించారు. అనగా మౌనాన్ని ముఖంతో కలిపి చదవాలన్నారు. షబ్నమ్ పెద్దలు ఆమె మౌనాన్ని మాత్రమే విన్నారు. ఈషాన్ ఆర్య కెమెరా ఆమె ముఖాన్ని చదివింది. సాక్షులు చేయవలసిన పనిని కెమెరా చేసింది. ఈ పాట గొప్పతనం ఇదే.

లోపం కూడా ఇందులోనే ఉన్నది. ఈ గీతం మీర్జా షౌఖ్ ‘జహర్-ఎ-ఇష్క్’ మస్నవీ లోనిది. అందులోని నాయిక విషం తాగుతుంది. ఇక్కడ షబ్నమ్ కూడా ప్రాణం తీసుకొంటుంది. సంగీతం, మసక వెలుగు కలిసి ఆ మరణాన్ని సుందరం చేస్తాయి. ఆత్మహత్య మనకు నిషిద్ధం. అంతేకాదు, ధర్మం ఆ పిల్లకు వేరొక ద్వారం తెరిచి ఉంచింది. ఇష్టంలేని పెళ్ళి చేశారని హజ్రత్ ఖన్సా బిన్తె ఖిదామ్ (రజి) మొరపెట్టుకోగా దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేసినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. కన్నీటితో హాలు విడిచిన ప్రేక్షకునికి విషాదం గుర్తుంటుంది. ఈ హక్కు గుర్తురాదు.

చిత్రం వచ్చిన తొమ్మిదేళ్ళకు, 1991లో, హైదరాబాదు నుండి ఢిల్లీ వెళ్తున్న విమానంలో వృద్ధుడైన ఒక సౌదీ పౌరుని పక్కన పదేళ్ళ బాలిక ఏడుస్తూ కూర్చొని ఉన్నది. ఆమెను అతనికిచ్చి నికాహ్ జరిపించారు. ఆ పిల్ల ఏడ్పును గమనించి అడిగినది విమాన పరిచారిక. నికాహ్ నాడు ఆ ముఖం చూడవలసినవారు వలీ, వకీలు, ఖాజీ, ఇద్దరు సాక్షులు. ‘బాజార్’ పాటను మళ్ళీ చూసేవారు స్వరమాధుర్యంతో తృప్తిపడక, తమ వీధిలో జరిగే తదుపరి నికాహ్‌లో వధువు ముఖం ఎవరు చూశారని అడగగలిగితే ఆ కెమెరా శ్రమ ఫలించినట్లే.