చెదపుట్టను చదివే విద్య

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో తొలకరి తర్వాత పుట్టగొడుగులు ఏరడం పైకి కూర సంపాదించుకునే పనిగానే కనిపిస్తుంది గాని, నేలను, కార్తెను, చెట్టును, పురుగును ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూడగలిగినవారికి తప్ప అది పట్టుబడదు. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవరలు, జాతాపులు, నాగావళి, వంశధార తీరాల పల్లెల్లోని రైతుకూలీ కుటుంబాలు ఈ పరిజ్ఞానాన్ని పుస్తకం అవసరం లేకుండానే తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చాయి. ప్రకృతి పరిశీలనను వ్యాపకంగా చేపట్టిన పట్టణవాసులు చాలామంది గొడుగు రంగును, ఆకారాన్ని ఫోటోలతో పోల్చి పేరు తేల్చాలని చూస్తారు. ఏరేవారి చూపు మాత్రం ముందుగా అది లేచిన చోటు మీద పడుతుంది, గొడుగు మీదికి ఆ తర్వాతే వస్తుంది. శాస్త్రం ప్రకారం చూసినా ఈ వరుసే బలమైనది.

పుట్టగొడుగుగా కంటికి కనిపించేది శిలీంధ్రమనే జీవిలో ఒక భాగం మాత్రమే. అసలు శరీరం సన్నని పోగుల అల్లికగా మట్టిలోనో, మానులోనో, పుట్టలోనో ఏడాది పొడుగునా ఉంటుంది. సిద్ధబీజాలను, అంటే విడిగా కంటికి ఆననంత సూక్ష్మమైన విత్తన రేణువులను, గాలిలోకి వదలడానికి అది కొద్దిరోజుల కోసం గొడుగును పైకి పంపుతుంది. ఉత్తరాంధ్రలో అన్నింటికంటె మక్కువగా తినేవి చెదపుట్టల మీద లేచే రకాలు. వీటి ప్రజాతికి ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. చెదల్లో ఒక వర్గం, భారతదేశంలో ముఖ్యంగా ఒడోంటోటెర్మిస్ జాతులు, ఎండుటాకులను, పుల్లలను తిని, పూర్తిగా అరగని ఆ పదార్థాన్ని పుట్ట లోపలి గదుల్లో తుట్టెలుగా పేరుస్తాయి. వాటి మీద పెరిగే శిలీంధ్రం చెదల కడుపుకు లొంగని కలప పదార్థాన్ని విడగొడుతుంది. తుట్టె మీద పుట్టే చిన్న తెల్లని ఉండలూ, బాగా మాగిన పాత తుట్టెలూ చెదలకు ఆహారమవుతాయి. ఈ సేద్యం ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల సంవత్సరాల కిందట మొదలైందని శాస్త్రవేత్తల అంచనా.

ఈ తుట్టెలకూ చెదలకూ గల సంబంధాన్ని మొదటగా గ్రంథస్థం చేసిన ఘనత వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్‌కు దక్కింది. దక్షిణ భారతంలో వైద్యుడిగా, వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆయన తన పరిశీలనను 1779లో జర్మన్ భాషలో ప్రచురించాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. రాతకు సంబంధించినంతవరకు ఆయనను మొదటివాడనడం సబబే, కాని గొడుగు కాడను పట్టుకుని మట్టిని తొలగించుకుంటూ తుట్టె దాకా వెళ్లిన కొండవాసికి ఆ సంబంధం అంతకు ఎంతో ముందే తెలిసి ఉండాలి.

కాలాన్ని గుర్తించడంలోనూ ఇదే లోచూపు ఉంది. తొలి వానలకు దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు రెక్కలొచ్చిన చెదలే. వాటి జంటలు నేలలో దూరి కొత్త పుట్టలకు పునాది వేస్తాయి గాని, ఎక్కువ జాతుల్లో అవి శిలీంధ్రాన్ని వెంట తీసుకుపోవు. కొత్త పుట్టలో పుట్టిన మొదటి తరం పనిచెదలు మేతకు బయటికి వచ్చే వేళకు పాత పుట్టల మీద గొడుగులు విచ్చి సిద్ధబీజాలు రాలి ఉంటేనే, అవి మేతతో పాటు గూటికి చేరి కొత్త తుట్టె మీద మొలకెత్తుతాయి. ఉసిళ్లు ఎగిరిన కొన్ని వారాలకు గొడుగులు లేవడంలోని ఆంతర్యం ఇదే. మృగశిరలో వాన పడి, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఉక్కతో కూడిన తెరపి వచ్చినప్పుడు పుట్టల వైపు నడిచే మనిషి ఈ చక్రాన్నే అనుసరిస్తున్నాడు. ఉరుములకే పుట్టగొడుగులు లేస్తాయన్న నమ్మకం జపానులోనూ ఉంది. అక్కడి ఇవాతె విశ్వవిద్యాలయం పరిశోధకులు షీటాకె పుట్టగొడుగులు పెంచే దుంగలకు అధిక వోల్టేజి విద్యుత్తు తగిలించి దిగుబడి పెరగడాన్ని గమనించారు. అయినా పుట్టల విషయంలో ఉరుముతో వచ్చే జోరువాన, దాని వెనుకటి ఉక్క అన్నవే ఎక్కువ నమ్మదగిన కారణాలు.

సేకరణలో నేర్పంతా కాడ దగ్గర ఉంది. పుట్టగొడుగు కాడ నేలమట్టంతో ఆగక, వేరులాగా సన్నబడుతూ తుట్టె వరకు దిగుతుంది. ఆ భాగం ఒక్కోసారి మూరకు మించి ఉంటుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉండడానికి కారణం కూడా ఈ ప్రయాణమే, ఎందుకంటే గట్టిపడిన పుట్టమన్నును అది ఆ మొనతోనే చీల్చుకుని రావాలి. అనుభవజ్ఞులు కాడను ఒక్కసారిగా లాగరు. చుట్టూ మన్ను వదులు చేసి, వచ్చినంతవరకే తీస్తారు, తుట్టెను కదపరు. పుట్టను గునపంతో పెకలిస్తే ఆ పూటకు నాలుగు మొగ్గలు ఎక్కువ దొరకవచ్చు గాని, మరుసటి ఏడాది ఆ చోటు మీద ఆశ వదులుకోవాలి. పూర్తిగా విచ్చిన గొడుగులను కొన్నింటిని వదిలిపెట్టడం కూడా తెలివైన పని, ఎందుకంటే కొత్త పుట్టలకు అవే విత్తనం. పుట్ట బతికి ఉందో లేదో కూడా శిలీంధ్రాలే చెబుతాయి: చెదలు వదిలేసిన పుట్టలో, అంతవరకు అవి అణచి ఉంచిన జైలేరియా అనే మరో శిలీంధ్రం నల్లని పుల్లల్లాంటి మొలకలు వేస్తుంది, అటువంటి చోట పుట్టగొడుగుల కోసం కాచుకోవడం వృథా. పాలపుట్టగొడుగును, ముత్యపుచిప్ప పుట్టగొడుగును షెడ్లలో పెంచుతున్నా, టెర్మిటోమైసిస్‌ను చెదలు లేకుండా వాణిజ్యస్థాయిలో పండించడం సాధ్యపడలేదు. సంతలో కుప్పపోసిన ప్రతి గొడుగూ ఎవరో ఒకరు నడిచి తెచ్చినదే.

పుట్టలు దాటి చూస్తే పరిశీలకుడికి ఈ ప్రాంతం మరెన్నో చూపిస్తుంది. చెదలు తుట్టె ముక్కలను బయటికి తెచ్చి పరచిన చోట టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్ అనే బుల్లి రకం వందల సంఖ్యలో తెల్లగా నేలను కప్పుతుంది. తడిసిన వరిగడ్డి మీద వరిగడ్డి పుట్టగొడుగు, నీలగిరి తోటల్లో చితికితే గోధుమరంగు పొడి రాలే పైసోలిథస్ ఉండలు, జీడి, మామిడి ఎండుకొమ్మల మీద విసనకర్ర ఆకారపు చీలుమొప్పల (గొడుగు కింది రేకులు చీలిన) రకం కనిపిస్తాయి. కొండల్లో గుగ్గిలం చెట్లున్న చోట పరిస్థితి వేరు. ఆ చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రాల్లో రుస్సులా వంటివాటితో పాటు విషపు జాతులున్న అమనీటా ప్రజాతి కూడా ఉంది గనుక, పుట్టల దగ్గర అలవడిన ధీమాను గుగ్గిలం నీడలోకి తీసుకుపోకూడదు.

గుర్తింపులో చోటు తర్వాత చూడవలసినవి నాలుగు: గొడుగు కింది మొప్పలు, అంటే సిద్ధబీజాలు పుట్టే సన్నని రేకులు, కాడ మీద ఉంగరం, కాడ అడుగున సంచిలాంటి పొర, సిద్ధబీజాల రంగు. సంచి మన్నులో దాగి ఉంటుంది గనుక పైపైన తుంచిన గొడుగును గుర్తించే ప్రయత్నమే చేయరాదు. సిద్ధబీజాల రంగు తెలుసుకోవడానికి కాడను కోసి, గొడుగును సగం తెల్లని, సగం నల్లని కాగితం మీద మొప్పలు కిందికి వచ్చేలా ఉంచి, గిన్నె బోర్లించి రాత్రంతా కదపకుండా వదిలితే తెల్లవారేసరికి ముద్ర పడుతుంది. టెర్మిటోమైసిస్ ముద్ర లేత గులాబి ఛాయలో, వరిగడ్డి రకం ముద్ర నిండు గులాబి రంగులో, అమనీటా ముద్ర తెల్లగా ఉంటాయి. గడ్డి మైదానాల్లో పెద్దగా, తెల్లగా లేచి నోరూరించే క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్ ముద్ర ఆకుపచ్చగా పడుతుంది. దాన్ని తిన్నవారికి కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

వెండి వస్తువు నల్లబడితేనే విషమనీ, పురుగు తిన్నది మనిషికీ మంచిదేననీ, పసుపునీళ్లలో కడిగి ఉడికిస్తే విషం పోతుందనీ చెప్పే మాటలు ప్రాణాంతకమైనవి. అమనీటాలో కొన్ని జాతుల్లో ఉండే అమానిటిన్ వంటతో నశించదు. తిన్న 6 గంటల తర్వాత గాని, ఒక్కోసారి 12 గంటలు దాటాక గాని లక్షణాలు మొదలుకావు. వాంతులు తగ్గి తేరుకున్నట్టు అనిపించిన తర్వాతే కాలేయం దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది. అనుమానం కలిగిన క్షణమే, వండగా మిగిలిన గొడుగు ముక్కతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

ఊరి పరిజ్ఞానం ఆ ఊరి నేలకే చెల్లుతుందన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి. అమెరికా పశ్చిమ తీరంలో స్థిరపడిన ఆగ్నేయాసియా వలసదారులు తమ దేశంలో తినే వరిగడ్డి పుట్టగొడుగేనని నమ్మి అమనీటా ఫాలోయిడిస్‌ను తిని విషప్రభావానికి గురైన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. రెండింటికీ అడుగున సంచి ఉంటుంది, మొగ్గదశలో రెండూ ఒకేలా ఉంటాయి. విదేశాల్లోని తెలుగువారు శ్రీకాకుళం జ్ఞాపకంతో అక్కడి పార్కుల్లో గొడుగులు కోయకూడదు. ఇక్కడైనా, ఫోన్ యాప్ చెప్పిన పేరును నమ్మి వండుకోవడం కంటె, ఏళ్ల తరబడి ఆ చోటనే ఏరుతున్నవారి వెంట నడవడం మేలు.

ఈ పరిజ్ఞానాన్ని నమోదు చేసే పనికి ముందు ఉదాహరణలున్నాయి. ఇంగ్లండులో ప్రకృతి పరిశీలకుల వుల్‌హోప్ క్లబ్బు సభ్యులు 1868లో శిలీంధ్రాల కోసమే సామూహిక నడకలు మొదలుపెట్టగా, ఆ అలవాటు నుంచి ఔత్సాహికుల సంఘాలు, ప్రాంతాలవారీ జాబితాలు పుట్టుకొచ్చాయి. ఉత్తర సర్కారుల మొక్కల తెలుగు పేర్లను వాల్టర్ ఇలియట్ 1859లో ఫ్లోరా ఆంధ్రికాలో కూర్చాడు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాషకు నిఘంటువులు నిర్మించారు. శిలీంధ్రాలకు అటువంటి కృషి ఈ కొండల్లో జరగవలసి ఉంది, అందుకు ఔత్సాహికులే తగినవారు. కోయకముందే ఫోటో తీసి, నమూనాను కాడ మొదలుతో సహా తీసుకుని, దొరికిన చోటు, తేదీ, కార్తె, పక్కనున్న చెట్టు, పుట్ట స్థితి, వాసన, సవర, జాతాపు, తెలుగు పలుకుబడుల్లోని పేర్లు, ఆ పేర్లు చెప్పిన ఊరు రాసుకోవాలి. తర్వాత సన్నని సెగ మీద పెళుసెక్కేదాకా ఆరబెట్టి, సిద్ధబీజాల ముద్ర పడిన కాగితంతో కలిపి పొట్లం కట్టి, విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లో నమూనాలు భద్రపరిచే చోటికి అందజేయాలి.